సొర కడుపులో మోగిన వాచీ

నేను కోతలు కొయ్యను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథ అయ్యాక చెప్తే ఎవరూ నమ్మరు. ముప్పై ఎనిమిదేళ్లు కోట బజారులో కంటికి భూతద్దం బిగించుకుని వాచీలు బాగుచేసిన చోటే సాహెబ్‌ని నేను. ఆగిపోయిన గడియారాన్ని ఒక్కసారి కళ్లెర్రజేసి చూస్తే చాలు, భయపడి తిరగడం మొదలుపెట్టేది. ముహూర్తం దగ్గర పడితే పెళ్లివారు పంతులుగారిని కాదు, నన్ను అడిగేవాళ్లు టైమెంతని. సూర్యుడు కూడా మా అంగడి ముందుకి వచ్చాక ఒక్క క్షణం ఆగి, టైము సరిచూసుకుని పోయేవాడని అప్పట్లో జనం చెప్పుకునేవాళ్లు. నేను అనలేదు. జనం.

అలాంటి నా చేతికి పోయిన రంజాన్‌కి స్మార్ట్‌వాచీ కట్టింది మా అమ్మాయి సాహిరా. కావలిలో ల్యాబ్‌లో పనిచేస్తుంది. మా ఊళ్లో అదే మొదటి స్మార్ట్‌వాచీ. అందుకే ఆ రోజు సుబ్బు ఎవరినీ అడక్కుండా నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

పొద్దున పది గంటలు. రోడ్డు పక్కన నాగులమ్మ టీ కొట్టు, కోట బస్సు ఆగేది దాని ముందరే. బెంచీకి ఒక కొసన నేను, ఇంకో కొసన కామాక్షయ్య. అతను సగం జీవితం సముద్రం మీద గడిపి, మోకాళ్లు మొండికేశాక ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నాడు. నాగులమ్మ పాలు కాగబెడుతోంది. సుబ్బు ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏంరా అబ్బయా, పెళ్లిచూపులకా?" అన్నాను.

"పెళ్లయి ఆరేళ్లయింది మామా. పదకొండు బస్సుకి కోటకి పోతాండా. అఫ్జల్ అంగట్లో నీ చేతికుండే అట్టాంటి వాచీ తెచ్చుకుందామని. నువ్వు కట్టుకున్నోడివి, గడియారాలు తెలిసినోడివి. ఒక్క మాట చెప్పు. ఫోనుండంగా మళ్లా వాచీ గావాల్నా?"

అతని బాధ ఊరంతటికీ తెలుసు. రెండెకరాల రొయ్యల గుంట. గుంటలో ఫ్యాన్లు తిరుగుతూ నీళ్లు చిలకాలి, లేకపోతే రొయ్యలకి ఊపిరి అందదు. స్టార్టరుకి సిమ్ము పెట్టిన డబ్బా ఒకటి బిగించాడు. కరెంటు పోయిందంటే ఆ డబ్బానే సుబ్బుకి ఫోన్ చేస్తుంది, సుబ్బు పరిగెత్తి జనరేటరు వెయ్యాలి. పోయిన పంటలో, మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, సుబ్బు గొంతు లోతు నీళ్లలో గుంట అడుగున బురద కదిలేలా గొలుసు లాగుతున్నాడు. ఫోను షెడ్డులో ఉంది. పద్నాలుగు సార్లు మోగింది. ఒడ్డుకొచ్చి చూసుకునేసరికి రొయ్యలన్నీ తేలిపోయినాయి.

"సైరను పెట్టించుకోరాదా," అన్నాడు కామాక్షయ్య, వల మీదనించి తల ఎత్తకుండా.

"పెట్టించినా గదన్నా, బ్యాటరీది. ఉప్పుగాలికి నెల తిరక్కుండానే గొంతు పొయ్యింది."

"ఫోను కవర్లో ఏసి మెళ్లో తగిలించుకో."

"రెండు ఫోన్లు అట్నే గుంటలో పొయ్యినాయి. మేత తట్ట లేపేదానికి వంగితే చాలు, జారతాది. వాచీ అయితే చేతికే ఉంటాది, నీళ్లు తగిలినా ఏం కాదు, ఫోను షెడ్డులో మోగితే ఇది చేతి మీద వణకతాదంట. అఫ్జల్ చెప్పినాడు. వాడు అమ్మేవోడు కాబట్టి అట్నే చెప్తాడు. నువ్వు చెప్పు మామా. ఎంత దూరం దాకా పలకతాది? ఈ పంట కూడా తేలిందంటే నేను గుంట వొదిలేసి చెన్నైలో హోటలు పనికి పోవాల్సిందే."

ఒక్క మాటలో చెప్పగలిగిన జవాబే. కానీ ఒక్క మాట చెప్పి ఊరుకునే వంశంలో నేను పుట్టలేదు. మా తాత నీళ్లు కావాలని అడగడానికి అరగంట తీసుకునేవాడు.

"ఎంత దూరమా?" అని నవ్వాను. "నాగులమ్మా, ఒక టీ కొట్టు. సుబ్బుకి కూడా. కూచోరా."

"బస్సొస్తాది మామా."

"బస్సు నాకోసం ఆగతాది. ఇను. పోయిన నెల చిన్నపోలయ్య బోటులో సముద్రం మీదికి పొయ్యినా. ఊరికే, గాలికోసం. ఎండ ఎక్కువయ్యిందని చెయ్యి అట్టా నీళ్లలో పెట్టినా. ఈ వాచీలో గుండె లెక్క కనపడతాది గదా, డెబ్బై రెండు చూపిస్తా ఉండాది. మామూలే. నీళ్లలో పెట్టి ఒక్క నిమిషం అయ్యింది, చూస్తే రెండు వేల నాలుగు వందలు!"

"అంత కొట్టుకుంటే నువ్వు ఈడ టీ తాగతా ఉండవు," అంది నాగులమ్మ.

"అదే నేనూ అనుకున్నా! చెయ్యి బైటికి తీసినా, డెబ్బై రెండు. నీళ్లలో పెట్టినా, రెండు వేల నాలుగు వందలు. అప్పుడు వెలిగింది నాకు. ఇది నా గుండె కాదు. బోటు కింద వంజరాల గుంపు పోతాంది, వాటి గుండెలన్నీ కూడి చూపిస్తాంది నా వాచీ! చిన్నపోలయ్యా, వల ఎయ్యి అన్నా. ఏసినాడు. లాగినాడు. ఎన్ని? సరిగ్గా ఇరవై."

"ఇరవైకి రెండు వేల నాలుగు వందలా?" అన్నాడు కామాక్షయ్య.

"తలా నూటఇరవై. లెక్క ఏసుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు చేప చేపకీ తేడా తెలిసిపొయ్యింది. వంజరం నూటఇరవై. కానాగంత అయితే నూటఎనభై, దానికి ఎప్పుడూ కంగారు. ఉలవచేప కొట్టుకుంటాది, ఆగతాది, మళ్లా కొట్టుకుంటాది, దానికి ఇంట్లో ఏదో గొడవ ఉంటాది. చెయ్యి ముంచడం, ఈడ ఇది ఉండాది అని చెప్పడం, చిన్నపోలయ్య వల ఎయ్యడం. బోటు నిండింది. పక్క బోటు పిలిచి అదీ నింపినాం. ఒడ్డునుంచి ఖాళీ బోట్లు వరస కట్టినాయి, కోట ఆసుపత్రి కాడ ఓపీ లైను మాదిరి."

నేను చేతులు చాపి ఆ వరస ఎంత పొడుగో చూపిస్తుంటే కామాక్షయ్య వల పక్కన పెట్టి నా మణికట్టు పట్టుకున్నాడు. అద్దం మీద వేలితో తట్టి, కళ్లు చికిలించి చదివాడు.

"సాయిబూ, పొద్దున ఏడుకి వచ్చి కూచున్నావు ఈడ. బెంచీ దిగలా. ఇందులో ఆరు వేల మూడొందల అడుగులు నడిచినట్టు ఉండాదే?"

"నడిచినా."

"యాడ?"

"చేతులు ఊపినప్పుడల్లా అడుగని ఏసుకుంటాదిలే అది," అంది నాగులమ్మ, గ్లాసులు కడుగుతూ. "సాయిబన్న ఇంకొంచేపు మాట్లాడితే తిరుపతి చేరతాడు."

సుబ్బు నవ్వలేదు. "మామా, దూరం సంగతి," అన్నాడు.

"అదే చెప్తాండా గదరా, నువ్వు చెప్పనిస్తే గదా! అట్టా చెయ్యి ముంచి కూచోనుండా. ఉన్నట్టుండి వాచీ లెక్క పడిపొయ్యింది. రెండు వేలు, వెయ్యి, వంద. చేపలన్నీ పారిపోతాండాయి. ఆఖరికి ఇరవై ఎనిమిది. నింపాదిగా. ఎవురి పనీ లేనట్టు, ఎవురికీ భయపడనట్టు, పడక్కుర్చీలో పెద్ద రైతు గుండె మాదిరి. ఎవరై ఉంటారబ్బా అని వంగి చూసినా. సొర!"

"ఎంతది?" కామాక్షయ్య అడిగాడు. ఈ ఒక్క విషయంలో అతన్ని మోసం చెయ్యడం కష్టం.

"తల బోటు కాడ ఉండాది. తోక కనపడలా. చిన్నపోలయ్య ఇంకో బోటుకి ఫోన్ చేసి అడిగినాడు, మీ కాడ తోకేమన్నా కనపడతాందా అని."

"కనపడిందంట?"

"రెండోదానికి కూడా కనపడలా. మూడో బోటోడు చెప్పినాడు. సరే, నోరు తెరిచింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నా, కానీ బెల్టు ఊడి వాచీ దాని నోట్లోకి జారింది. గుటుక్కుమని మింగి, మునిగి, పొయ్యింది. మా సాహిరా కట్టిన వాచీ! నాకు ఏడుపొచ్చింది. ఏడ్చినా కూడా. ఏడ్చి, కళ్లు తుడుచుకోని, జేబులోనించి ఫోను తీసినా. ఇందులో ఒక బొమ్మ ఉండాది సుబ్బు, చూడు, ఇదే. దీన్ని నొక్కితే వాచీ యాడుందో అక్కడ మోగతాది. నొక్కినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సొర ఫోన్ ఎత్తింది," అంది నాగులమ్మ.

"ఎగతాళి చెయ్యబాకు. సొర కడుపులో వాచీ మోగింది! పాపం, దానికి కొత్త. కడుపులో ఎవరో పిలస్తాండారని బెదిరిపోయి ఎడంచేతి పక్కకి తిరిగింది. మళ్లా నొక్కినా. కుడి పక్కకి తిరిగింది. గట్టిగా నొక్కినా. నేరుగా పరిగెత్తింది. అప్పుడు తెలిసింది నాకు, ఇది తోలితే పొయ్యే సొర అని. బోటు కొసన నిలబడి, చేతిలో ఫోను పట్టుకోని, జత ఎద్దుల్ని తోలినట్టు తోలినా దాన్ని. హై అంటే హై. దాని ముందర వంజరాలు, కానాగంతలు, సముద్రంలో ఉండేవన్నీ పరిగెత్తతాండాయి. దక్షిణం పక్క పొయ్యి పులికాట్ ముఖద్వారంలో దూరినాయి. దొరవారిసత్రం పక్క కొంగలన్నీ లేచి పైన గొడుగు పట్టినాయి. రాకెట్లు ఎగరేసేటోళ్లు దుర్భిణీ పెట్టి చూసి, ఇది మనం పంపించింది కాదే అని ఒకర్నొకరు అడుక్కున్నారు."

"సొర యాడ, నువ్వు యాడ ఆ టయానికి?" కామాక్షయ్య.

"నేను మన పాళెం ఎదురుగా. అది సరస్సులో. మధ్యలో నలభై కిలోమీటర్లు. ఇది రాసుకో సుబ్బు! నలభై కిలోమీటర్లు, ఉప్పునీళ్లలో, దాని పైన సొర మాంసం రెండు జానల మందం, ఆ లోపల మోగింది నా వాచీ. నీ గుంట ఎంత? రెండెకరాలు. అది ఈ వాచీకి చేతులు కడుక్కునే పళ్లెం అంత."

సుబ్బు ముఖంలో వెలుగొచ్చింది. నేను చూశాను. అక్కడితో ఆపి ఉండాల్సింది. కానీ సొర ఇంకా సరస్సులోనే ఉంది, దాన్ని అట్లా వదిలేసి ఎలా రాను?

"ఇంకా ఉండాది. సరస్సులో అలసిపోయి ఒక గంట కదలకుండా పడుకుంది సొర. ఈ వాచీకి ఒక గుణముండాది. గంటసేపు ఒక చోట కూచుంటే వణికి చెప్తాది, లేచి నిలబడు, ఒళ్లు కదిలించు అని. నాకు రోజూ చెప్తాది. నేను పట్టించుకోను. సొరకి తెలవదు గదా, కొత్త. కడుపులో వణికింది. అంతే. ఆ సొర సరస్సు నడుమ తోక మీద లేచి నిలబడింది సుబ్బు! నిటారుగా! దాని ముక్కు మీద కొంగ వాలింది. అట్టా అయిదు నిమిషాలు నిలబడి, ఇటు రెండడుగులు, అటు రెండడుగులు ఏసి, మళ్లా పడుకుంది. ఆ రోజునించి దానికి చక్కెరలేదు, కొవ్వులేదు. నేను ఫోనులో చూస్తాండా గదా, రాత్రి ఏడు గంటలు నిద్రపొయ్యింది, అందులో మూడు గంటలు గాఢనిద్ర. తెల్లారి నేను నొక్కంగానే బుద్ధిగా పాళెం ఒడ్డుకొచ్చి నోరు తెరిచింది. చెయ్యి పెట్టి తీసుకున్నా."

"మరి సొర?" కామాక్షయ్య అడిగాడు. "కొయ్యలా?"

"అంత ఆరోగ్యం చూసుకునే జీవిని ఎట్టా కోస్తామబ్బా? పంపించేసినా. పొయ్యేటప్పుడు వెనక్కి తిరిగి తిరిగి నా చెయ్యి వైపే చూసింది."

కామాక్షయ్య దారం పళ్లతో తెంపి ఉమ్మేశాడు. నాగులమ్మ టీ వడపోస్తూ భుజాలు కదిలేలా నవ్వింది. సుబ్బు మాత్రం టీ తాగకుండా గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"మామా, ఆ ఫోను ఒక్క నిమిషం ఇయ్యి."

"ఎందుకురా?"

"ఇయ్యి మామా. కామాక్షయ్యన్నా, నువ్వు నీ ఫోనునించి సాయిబు మామకి కాల్ కొట్టు. కట్ అయితే మళ్లా కొట్టు. నేను నడస్తా ఉంటా. వాచీ చేతి మీద పలికినంత వరకు నాగులమ్మక్కా, నువ్వు చెయ్యి ఎత్తి ఉంచు. ఆగిపోతే దించు."

నలుగురిలో కాదంటే నలభై కిలోమీటర్లు ఏమైపోవాలి? ఇచ్చాను. సుబ్బు నా ఫోను పట్టుకుని రోడ్డు వెంబడి పైకి లెక్కపెడుతూ నడిచాడు. ఒకటి, రెండు, మూడు. నా చెయ్యి మీద వాచీ జుయ్ జుయ్‌మని వణుకుతోంది. నాగులమ్మ చెయ్యి పైకే ఉంది. పంచరు అంగడి దాటాడు. పద్దెనిమిది, పంతొమ్మిది. వణుకుతోంది. "చూసినావా!" అని అరిచాను. పాల కేంద్రం మెట్ల దగ్గరికి పోయాడు. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు.

వణుకు ఆగింది. అద్దం మీద చిన్న గొలుసు బొమ్మ, దాని మీద అడ్డగీత, ఫోనుతో లంకె తెగిందని. సుబ్బు చేతిలో ఫోను మాత్రం మోగుతూనే ఉంది, ఇక్కడిదాకా వినపడుతోంది.

నాగులమ్మ చెయ్యి దించింది.

సుబ్బు అక్కడే నిలబడి, కొట్టువైపు, తన చేతిలో ఫోనువైపు మార్చి మార్చి చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు, మళ్లా ముందుకేశాడు. మూడుసార్లు అట్లా చేశాడు. ముప్పై రెండే.

తిరిగొచ్చేసరికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. "ఎదురుగాలి సుబ్బు. భూమ్మీద గాలి పొడి. ఉప్పునీళ్లు అయితే దాన్ని మోసుకుపోతాయి. సముద్రంలో..."

"నా షెడ్డునించి గుంట నడిమికి నూటయాభై అడుగులు మామా," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే నేను తట్టుకునేవాణ్ణి. "పోయిన పంటప్పుడు కూడా ఒడ్డుకి దగ్గిరగానే ఉండానని అనుకున్నా."

ఒక్క పావుగంట ముందు బస్సొచ్చి ఉంటే ఈ పిల్లవాడు నా సొరని నమ్ముకుని గుంటలో దిగేవాడు.

అంతలో పదకొండు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తల బయటికి పెట్టి "కోట, కోట" అని అరిచాడు. సుబ్బు కదల్లేదు. బస్సు పోయింది.

"మరి ఏం చేస్తావు రా?" అన్నాడు కామాక్షయ్య.

"తెలవదన్నా."

నాగులమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "తెలవకపొయ్యేదానికి ఏముండాది సుబ్బయ్యా? సాయిబన్నని తీసుకుపొయ్యి షెడ్డులో కుర్చీ ఏసి కూచోబెట్టు. ఫోను మోగంగానే అరస్తాడు. ఈయన గొంతు నాలుగు గుంటల అవతలికి ఇనపడతాది. ఉప్పుగాలికి పాడు గాదు, నాకు ముప్పైయేళ్లనించి తెలుసు. ఛార్జింగు అక్కర్లా. రెండు టీలు పోస్తే సాయంత్రం దాకా మోగతాది."

కామాక్షయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. పంచరు అంగడివాడు ఏంటేంటని అడిగాడు, వాడికి కూడా వివరంగా చెప్పారు. నేను నవ్వు ముఖం పెట్టి టీ చల్లారిందని నాగులమ్మని కసిరాను.

సుబ్బు నవ్వలేదు. నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"వస్తావా మామా? నిజంగానే అడగతాండా. నేను నీళ్లలో దిగినంతసేపే. ఇంట్లో స్వర్ణ ఒక్కతే, చంటిబిడ్డని వొదిలి రాలేదు. నువ్వు ఎటూ ఈడే కూచోనుంటావు గదా."

ముప్పై ఎనిమిదేళ్ల పనితనం, నలభై కిలోమీటర్ల వాచీ, తోక మీద నిలబడ్డ సొర. ఇన్ని విన్నాక ఈ లోకం నాకిచ్చిన ఉద్యోగం, కేక వెయ్యడం.

"ఆడ వినేదానికి ఎవరుంటారు?" అన్నాను చివరికి.

"పక్క గుంటోళ్లు ఉంటారు. అవతలి గుంట జకరయ్య ఉంటాడు, మేత అమ్మేవోళ్లు వస్తా పోతా ఉంటారు."

"సొర సంగతి చెప్పుకోవచ్చా?"

సుబ్బు నా ఫోను నా జేబులో పెట్టి, జేబు మీద చేత్తో మెల్లగా తట్టాడు.

"చెప్పుకో మామా, ఎంతసేపన్నా చెప్పుకో. కరెంటు పొయ్యినప్పుడు ఒక్కటి మాత్రం నిజం చెప్పు."